కొలతల పుస్తకం

జైలు ఖాళీ చేశాక, కూల్చేముందు
కొలిచి రమ్మని నన్ను పంపారు.
డ్రాఫ్ట్స్‌మన్‌ని. చేతిలో వందడుగుల టేపు,
రెండో కొస పట్టుకోడానికి మేస్త్రీ పైడయ్య.
మేమిద్దరం కాక లోపల పావురాలు,
గోడల మీద బొగ్గుతో గీసుకున్న రోజులు.

బయటి గోడ ఎత్తు రాసుకున్నాను.
మందం దగ్గర పైడయ్య మూరవేసి నవ్వాడు:
"ఇంత రాయి ఒక మనిసికేటి బాబూ,
సముద్రానికి కట్టినట్టు కట్టీసినారు."
నిజానికి ఉప్పుగాలికి ముందు లొంగింది ఇనుమే.
ఊచ పట్టుకుంటే పొరలుగా ఊడి
అరచేతిలో తుప్పు గోరింటాకులా పండింది.

కిటికీ: నేల నుంచి ఏడడుగులు.
మళ్లీ కొలిచాను. మళ్లీ ఏడే.
ఇంటికైతే మూడడుగుల మీద పెడతాం,
కూర్చున్న మనిషికి వీధి అందాలని.
ఏడు గీసినవాడికి బాగా తెలుసు,
లోపలివాడికి ఆకాశం ఇవ్వచ్చు, వీధి ఇవ్వకూడదని.
అలల చప్పుడు వినబడేంత దగ్గర కట్టి
ఒక్క కంతైనా సముద్రం వైపు తెరవలేదు.

మా ఆఫీసు బీరువాలో చెదలు తిన్న పటం ఒకటుండేది,
ఎక్కడ కట్టారో రాసి లేదు.
నడుమ గుండ్రటి గది, దాని చుట్టూ
బండిచక్రానికి ఆకులేసినట్టు బారకులు.
మధ్యలో ఒక్కడు కూర్చుంటే చాలు.
ఒక్కోసారి వాడూ అక్కర్లేదు,
కుర్చీలో ఉన్నాడేమోనన్న అనుమానం చాలు.
ఆ గీత ఏ చలిదేశంలోనో పుట్టి
ఓడెక్కి మన రేవుల్లో దిగింది.

అంతకుముందు శిక్షకి గోడల్లేవు.
కొరడా, కొరత, నలుగురూ చూసే కూడలి.
చెర అంటే శిక్ష పడేదాకా ఆగే చోటు,
మేయరాని చోట మేసిన గొడ్డుకి బందెలదొడ్డి లాంటిది.
తర్వాతెవరో పెద్దమనసు చేసుకుని
ఒళ్లు వద్దు, లోపలి మనిషిని పట్టుకుందాం అన్నారు.
ఒంటరిగా ఉంచితే పశ్చాత్తాపం పొదుగుతుందని
కోడి కింద గుడ్డులా మనిషిని గది కింద పెట్టారు.
ఆ దయ కొలత ఎనిమిది బై ఆరు.

పైడయ్య ఆ గదిలో చేతులు చాపి నిలబడ్డాడు.
రెండు గోడలూ తగిలాయి.
"ఇది మా తాత కట్టినాడట బాబూ.
కట్టీసి, దొంగుప్పు వండినాడని
ఆర్నెల్లు ఇందులోనే ఉన్నాడు.
గోడ మరీ గట్టిగా కట్టీసేనర్రా
అని సచ్చేదాకా అనుకునీవోడు."
నేను టేపు చుట్టడం మరిచిపోయాను.

ఇప్పుడక్కడ పార్కు. పొద్దున్నే షుగరు తగ్గడానికి
గులకరాళ్ల మీద వట్టికాళ్లతో నడుస్తారు.
జైలు కొండచాటుకి, అడివివరం వైపు పోయింది.
ఒకప్పుడు నడిబొడ్డున కట్టింది భయం కనబడాలని.
కొండ వెనక ఎందుకు కట్టారో
నన్నెవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

మరమ్మతుల అంచనాకని ఓసారి వెళ్లాను.
ములాఖత్ జాలీ అవతల కొర్రా బొంజుబాబు,
ఇవతల ముంచింగిపుట్టు నుంచి బస్సులు మారి వచ్చిన తల్లి.
గంజాయి మూట మోశాడు, ఐదువేలకి.
తీర్పింకా రాలేదు. మూడేళ్లు.
శ్రీకృష్ణ జన్మస్థానమని మనం నవ్వుకుంటాం గానీ
ఆ దేవుడు తెల్లారేదాకా కూడా అక్కడుండలేదు.
గదిలో నీరు కారుతోందా అనడిగాను.
"మా ఊళ్లో తలుపుకి గొళ్లెం ఉండదు సార్,
కుక్క రాకుండా తడిక అడ్డం పెడతాం" అన్నాడు.
అడిగినదానికి జవాబు కాదది.
ఊచలకి కటకటాలని పేరెట్టినవాడెవడో గానీ
ముందు ఏడుపు విన్నాడు, తర్వాతే ఇనుము చూశాడు.

పుస్తకంలో చివరి గడి రిమార్కులది.
పాత జైలు పేజీలో ఖాళీగానే వదిలేశాను.

కూల్చిన రోజు పైడయ్య ఒక రాయి అడిగి తీసుకెళ్లాడు,
గాలికి తలుపు పడిపోకుండా అడ్డం పెడతానని.
మొన్న వాళ్లింటికెళ్తే పెరట్లో ఉంది.
కోడలు దాని మీద చేపలు రుద్దుతోంది.